గుంజుకోవడం వేరు, తట్టుకోవడం వేరు: ఈస్ట్‌, రాగి ప్రయోగానికి పూర్తి మార్గదర్శి

"సార్, మొత్తం గుంజుకున్నది!"

ఫైనలియర్ పిల్లలు ముగ్గురు గొట్టం పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. హన్మకొండలో డిగ్రీ పిల్లలతో ప్రాజెక్టులు చేయించడం మొదలుపెట్టిన కొత్తలో జరిగిన సంగతి ఇది. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీళ్లలో ఈస్ట్ కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి తెచ్చారు. పైన నీళ్లు తేటగా ఉన్నాయి, అడుగున ముద్ద లేత నీలంగా ఉంది. వాళ్ల లెక్క ప్రకారం రాగి దాదాపు అంతా ఈస్ట్‌లోకి పోయింది. నేనూ సంబరపడ్డాను. తర్వాత అనుమానం వచ్చి, ఈస్ట్ వేయని గొట్టం ఏదని అడిగితే ముగ్గురూ ముఖాలు చూసుకున్నారు. అప్పటికప్పుడు ఈస్ట్ లేకుండా అదే ద్రావణం కలిపి తిప్పాం. అందులోనూ పైన తేట నీళ్లే, అడుగున నీలి మడ్డే.

తప్పు వాళ్లది కాదు, నాదే. జీవకణాలు అనగానే అలవాటు కొద్దీ ఫాస్ఫేట్ బఫర్, అంటే పీహెచ్ మారకుండా పట్టి ఉంచే ద్రావణం, వాడమని చెప్పాను. రాగి, ఫాస్ఫేట్ కలిస్తే కాపర్ ఫాస్ఫేట్‌గా మడ్డి కట్టి అడుగుకు పోతుంది. ఈస్ట్ కన్నా ముందే బఫర్ పని కానిచ్చేసింది.

ఆ దెబ్బ తర్వాత ఏటేటా ఇదే ప్రయోగాన్ని సరిచేసుకుంటూ వచ్చాం. మామూలు డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో, ఖరీదైన యంత్రాలు లేకుండా చేసుకోగలిగే పద్ధతి కింద రాస్తున్నాను.

ముందు రెండు మాటల తేడా తెలియాలి

ప్రశ్నలు రెండు. ఈస్ట్ కణం లోహాన్ని ఎంత గుంజుకుంటుంది? ఆ లోహం మధ్యలో ఎంతవరకు బతికి పిల్లలు పెడుతుంది? ప్రాజెక్టు టైటిల్‌లో ఈ రెంటినీ ఒకే తాడుకు కట్టేస్తారు. ఎక్కువ గుంజుకునేదే ఎక్కువ తట్టుకుంటుందని రాసేస్తారు. అది తప్పు. చచ్చిన ఈస్ట్ కూడా రాగిని బాగానే గుంజుకుంటుంది, దానికి తట్టుకునే పనే లేదు కదా.

ఈస్ట్ కణం అడ్డంగా సుమారు 5 మైక్రాన్లు ఉంటుంది. దాని చుట్టూ గట్టి గోడ ఉంటుంది. గ్లూకాన్ అనే చక్కెర గొలుసులు, మానోప్రోటీన్లు, కొద్దిగా కైటిన్ కలిసిన గోడ అది. దాని మీద కార్బాక్సిల్, ఫాస్ఫేట్ అనే రసాయన గుంపులు ఉంటాయి. వాటికి ఋణావేశం, రాగి అయాన్‌కు ధనావేశం. అందుకే అతుక్కుంటుంది. దీనికి కణం శక్తి ఖర్చు పెట్టదు, నిమిషాల్లో అయిపోతుంది. గొంగడికి పల్లేరుకాయలు అంటుకున్నట్టే. ఉన్ని గొర్రె ఒంటి మీదున్నా, గొంగడై మన భుజం మీదున్నా పల్లేరుకాయ ఒకేలా పట్టుకుంటుంది. దీన్ని బయోసార్ప్షన్ అంటారు.

రెండోది లోపలికి తీసుకోవడం. ఇది బతికున్న కణం పని, నెమ్మదిగా గంటల తరబడి సాగుతుంది. బయట ఉన్న రాగిని పొర మీది ఫ్రె1 అనే ఎంజైము ముందు క్యూప్రస్ (ఒకే ధనావేశం ఉన్న రాగి) రూపానికి మారుస్తుంది, ఆ తర్వాత సీటీఆర్1 అనే ద్వారం లోపలికి రానిస్తుంది. విషాన్ని ఎందుకు రానిస్తుంది అంటే, రాగి దానికి తిండి కూడా. శ్వాసక్రియలోని సైటోక్రోమ్ ఆక్సిడేజ్‌కు, సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్‌కు రాగి లేకపోతే పని నడవదు. కాకపోతే కాస్త ఎక్కువైతే అదే రాగి హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిసి హైడ్రాక్సిల్ రాడికల్స్ పుట్టిస్తుంది. పొర చిల్లులు పడుతుంది, లోపలి పొటాషియం కారిపోతుంది.

అందుకని కణం రాగిని ఒక్క క్షణం కూడా ఒంటరిగా తిరగనివ్వదు. లోపలికి రాగానే ప్రత్యేకమైన ప్రోటీన్లు చేతులు మార్చుకుంటూ కావలసిన చోటికి చేరుస్తాయి. 1999లో వెలువడిన ఒక లెక్క ప్రకారం ఈస్ట్ కణంలో విడిగా తిరిగే రాగి అయాన్ సగటున ఒక్కటి కూడా ఉండదు. పిల్లలకు ఈ ముక్క చెప్పినప్పుడు నమ్మరు, నాకూ మొదట నమ్మబుద్ధి కాలేదు.

మరి అవసరానికి మించి వచ్చిన రాగి సంగతి? ఏస్1 అనే ప్రోటీన్ రాగిని పసిగట్టి కప్1 జన్యువును లేపుతుంది. ఆ జన్యువు నుంచి తయారయ్యేది మెటల్లోథయోనీన్, 53 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. అందులో 12 సిస్టీన్లే. ఆ సిస్టీన్ల గంధకం రాగిని కట్టిపడేస్తుంది. తమాషా ఏమిటంటే ఎనిమిదో క్రోమోజోమ్ మీద ఈ జన్యువు ఒకటే కాదు, వరసగా పక్కపక్కన అనేక కాపీలుగా ఉంటుంది. కాపీలు ఎన్ని ఎక్కువుంటే అంత రాగిని తట్టుకుంటుంది. ఫ్రాన్స్‌లో 1880ల నుంచి ద్రాక్షతోటలకు బోర్డో మిశ్రమం, అంటే తుత్తం, సున్నం కలిపిన మందు కొడుతూ వచ్చారు. వైన్ తయారీలో వాడే ఈస్ట్ రకాల్లో కప్1 కాపీలు ఎక్కువ కనపడటానికి ఆ మందే కారణమని చెబుతారు. మన వైపు మిర్చికీ, నారుమళ్లకూ కొట్టే రాగి మందులు ఈ కుటుంబానివే.

మిగతా లోహాల దగ్గర కణం వేరే ఎత్తులు వేస్తుంది. కాడ్మియాన్ని గ్లూటాథయోన్ అనే చిన్న పెప్టైడ్‌తో చుట్టి, వైసీఎఫ్1 అనే పంపుతో వాక్యుయోల్‌లోకి, అంటే కణంలోని సంచిలోకి తోస్తుంది. ఇంట్లో పనికిరాని సామాను అటక మీద పడేసినట్టన్న మాట. ఆర్సెనిక్‌ను మాత్రం ఏసీఆర్3 అనే పంపుతో బయటికే గెంటుతుంది. రెండింటినీ తట్టుకోవడం అనే అంటాం. కానీ మొదటి దానిలో లోహం కణంలోనే ఉంది, రెండో దానిలో కణం ఖాళీ. అంటే ఆర్సెనిక్‌ను బాగా తట్టుకునే ఈస్ట్ నీళ్లను శుభ్రం చేయడానికి కొరగాకపోవచ్చు. ఈ ఒక్క ముక్క అర్థమైతే ప్రాజెక్టు రిపోర్టు సగం రాసినట్టే.

రాగి తప్ప ఇంకో లోహం జోలికి పోకండి

సీసం, కాడ్మియం, పాదరసం అంటే టైటిల్‌కు బరువొస్తుందని పిల్లలకు ఆశ. డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో వద్దు. సరైన ఫ్యూమ్ హుడ్ ఉండదు, మిగిలిన వ్యర్థాన్ని ఎక్కడ పెట్టాలో తెలియదు. రాగి కూడా నోట్లో పోసుకునేది కాదు. గ్లవ్స్, కళ్లద్దాలు వేసుకోవాల్సిందే, పిపెట్‌ను నోటితో పీల్చకూడదు. కానీ జాగ్రత్తగా ఉంటే చేయగలిగేది, రంగుతో కనపడేది, టైట్రేషన్‌కు దొరికేది రాగే.

సామాను

ల్యాబ్ గ్రేడ్ కాపర్ సల్ఫేట్ తీసుకోండి. ఎరువుల షాపులో దొరికే తుత్తంలో ఇనుము లాంటి మలినాలు ఉండొచ్చు, ఇనుము టైట్రేషన్ లెక్కను పాడుచేస్తుంది. బేకరీ సామాన్ల షాపులో దొరికే డ్రై ఈస్ట్ ప్యాకెట్ సరిపోతుంది. డిస్టిల్డ్ వాటర్ కచ్చితంగా కావాలి. మన బోరు నీళ్లలో కాల్షియం, బైకార్బొనేట్ దండిగా ఉంటాయి. కాల్షియం గోడ మీద రాగితో పోటీ పడుతుంది, బైకార్బొనేట్ రాగిని మడ్డి కట్టిస్తుంది. ఇవి కాక హైపో (సోడియం థయోసల్ఫేట్), పొటాషియం అయోడైడ్, స్టార్చ్, అసిటిక్ ఆమ్లం, అమ్మోనియా, హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పీహెచ్ పేపర్, మిథిలీన్ బ్లూ. సెంట్రిఫ్యూజ్, మైక్రోస్కోప్ ఎలాగూ ఉంటాయి.

మొదటి అడుగు: ఈస్ట్‌ను కడగడం

10 గ్రాముల డ్రై ఈస్ట్‌ను 100 మి.లీ. గోరువెచ్చని డిస్టిల్డ్ నీళ్లలో, అంటే 35 నుంచి 40 డిగ్రీల మధ్య, పావుగంట నానబెట్టండి. చల్లటి నీళ్లలో పోస్తే చాలా కణాలు పగిలి లోపలి సరుకు బయటికి కారుతుంది. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో 3000 ఆర్‌పీఎం దగ్గర 10 నిమిషాలు తిప్పి, పై నీళ్లు పారబోసి, మళ్లీ డిస్టిల్డ్ నీళ్లు కలపండి. ఇలా మూడుసార్లు. ప్యాకెట్ ఈస్ట్‌లో ఎమల్సిఫయర్ కలుపుతారు, కణాల నుంచి ఫాస్ఫేట్ కూడా కారి ఉంటుంది. అవి పోవాలి. మొదటిసారి పారబోసే నీళ్లు మజ్జిగలా ఉంటాయి, మూడోసారికి తేటపడాలి. పడకపోతే నాలుగోసారి కడగండి.

కడిగిన ఈస్ట్‌లో 5 మి.లీ. తీసి, ముందే తూచిన గిన్నెలో 105 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఆరబెట్టి తూచండి. దీన్ని బట్టి మిగతా దాన్ని లీటరుకు 20 గ్రాముల పొడి బరువు వచ్చేలా పలచన చేయండి. తడి బరువుతో లెక్కలు వేసిన రిపోర్టులు నేను వెనక్కి పంపేస్తాను. ముద్దలో నీళ్లెన్ని, ఈస్ట్ ఎంత అనేది ఎవరికీ తెలియదు కాబట్టి.

రెండో అడుగు: రాగి ద్రావణం

3.93 గ్రాముల కాపర్ సల్ఫేట్ స్ఫటికాలను ఒక లీటరు డిస్టిల్డ్ నీళ్లలో కరిగిస్తే, లీటరుకు 1000 మిల్లీగ్రాముల రాగి ఉన్న స్టాక్ వస్తుంది. స్ఫటికంలో ఐదు నీటి అణువులు కలిసి ఉంటాయి, మొత్తం బరువులో రాగి వాటా పాతిక శాతం పైచిలుకు మాత్రమే. ఏటా ఒక బ్యాచ్ అయినా ఒక గ్రాము తుత్తం వేసి ఒక గ్రాము రాగి అని రాస్తుంది.

పీహెచ్ 5 దగ్గర ఉండాలి. 3 కంటే తగ్గితే హైడ్రోజన్ అయాన్లు గోడ మీది చోటంతా ఆక్రమిస్తాయి, రాగికి సీటు దొరకదు. 6 దాటితే రాగి హైడ్రాక్సైడ్‌గా మడ్డి కడుతుంది, మళ్లీ మా మొదటి కథే. సరిచేయడానికి పలచటి సల్ఫ్యూరిక్ ఆమ్లం లేదా పలచటి సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలు చుక్కలుగా వేయండి. ఫాస్ఫేట్ బఫర్ సీసాను మాత్రం ఆ రోజుకు బీరువాలో పెట్టి తాళం వేయండి.

మూడో అడుగు: కలపడం

ఒకే ఫ్లాస్క్ నుంచి మాటిమాటికీ శాంపిల్ తీయడం కన్నా, ఒక్కో సమయానికి ఒక్కో గొట్టం పెట్టుకోవడం మేలు. ఒక్కో గొట్టంలో 15 మి.లీ. ఈస్ట్, 9 మి.లీ. డిస్టిల్డ్ నీళ్లు, చివరగా 6 మి.లీ. రాగి స్టాక్. మొత్తం 30 మి.లీ. ఇందులో ఈస్ట్ 0.3 గ్రాములు, రాగి లీటరుకు 200 మిల్లీగ్రాముల చొప్పున ఉంటుంది.

5, 15, 30, 60, 120 నిమిషాలకు ఒక్కో గొట్టం. మధ్యమధ్య కలుపుతూ ఉండాలి. సమయం కాగానే సెంట్రిఫ్యూజ్ చేసి పై నీళ్లు తీయాలి. మన కాలేజీల్లో చాలా చోట్ల 15 మి.లీ. గొట్టాలే పడతాయి, రెండుగా పోసి తిప్పండి. సెంట్రిఫ్యూజ్ ఆగేసరికి ఇంకో పది నిమిషాలు పడుతుందని మరిచిపోవద్దు. మీ 5 నిమిషాల రీడింగ్ నిజానికి 15 నిమిషాలది. రిపోర్టులో ఆ మాట దాచకుండా రాయండి, మార్కులు తగ్గవు.

అసలు గొట్టాల కంటే ముఖ్యమైనవి పక్క గొట్టాలు:

- ఈస్ట్ లేకుండా రాగి మాత్రమే. మడ్డి కట్టిందా, గాజుకు అంటుకుందా అన్నది ఇది చెబుతుంది.
- రాగి లేకుండా ఈస్ట్ మాత్రమే.
- పావుగంట మరిగే నీళ్లలో ఉంచి చంపిన ఈస్ట్, రాగి. చంపాక మళ్లీ రెండుసార్లు కడగాలి. ఉడికిన కణం నుంచి ఫాస్ఫేట్ ధారగా కారుతుంది.
- ఐస్‌లో ఉంచిన బతికున్న ఈస్ట్, రాగి. చలికి కణం పని ఆగిపోతుంది గానీ గోడకు అంటుకోవడం ఆగదు.
- బతికున్న ఈస్ట్, రాగి, ఒక శాతం గ్లూకోజ్. తిండి దొరికిన కణం లోపలికి తీసుకునే పని మొదలుపెడుతుంది. ఇందులో పీహెచ్ పడిపోతుంటుంది, చూసుకుంటూ సరిచేయాలి.

మొదటి గంటలో చంపినదీ, ఐస్‌లోదీ, మామూలుదీ దగ్గరదగ్గరగా ఉంటే, మీరు చూస్తున్నది గోడ పని అని తేలిపోతుంది. రెండు గంటల తర్వాత గ్లూకోజ్ గొట్టం మిగతా వాటి కంటే పైకి పోతే ఆ తేడా లోపలికి పోయిన రాగి. ఉడికించిన ఈస్ట్ బతికున్న దాన్ని మించిపోయినా కంగారు పడవద్దు. వేడికి గోడ విచ్చుకుని లోపల దాగిన గుంపులు కూడా బయటపడతాయి, అలా చాలా మందికి వచ్చింది.

నాలుగో అడుగు: ఎంత మిగిలిందో కొలవడం

కొన్ని రిపోర్టుల్లో అమ్మోనియా కలిపి వచ్చే ముదురు నీలాన్ని కలరిమీటర్‌లో కొలుస్తారు. ఈ మోతాదులో ఆ రంగు చాలా పలచన, నాకు దాని మీద నమ్మకం లేదు. మనకు చేతనైన అయోడోమెట్రీ, అంటే రాగి విడుదల చేసే అయోడిన్‌ను హైపోతో టైట్రేట్ చేసి కొలవడం మేలు.

20 మి.లీ. పై నీళ్లు ఫ్లాస్క్‌లో తీసుకోండి. 2 మి.లీ. అసిటిక్ ఆమ్లం, 10 శాతం పొటాషియం అయోడైడ్ 10 మి.లీ. కలపండి. అయోడిన్ విడుదలై గోధుమ రంగు వస్తుంది. బ్యూరెట్‌లో 0.01 నార్మల్ హైపో పోసి, రంగు ఎండుగడ్డిలా లేతబడే దాకా వదలండి. అప్పుడు స్టార్చ్ ఒక మి.లీ. వేయండి, నల్లటి నీలం వస్తుంది. తర్వాత చుక్క చుక్కగా వదులుతూ, నీలం పోయి పాలవిరుగుడులాంటి తెలుపు మిగలగానే ఆపండి. ఆ తెలుపు క్యూప్రస్ అయోడైడ్. నిమిషంలో నీలం మళ్లీ తొంగిచూస్తే కంగారు పడవద్దు, ఆ తెల్ల మడ్డికి అంటుకున్న అయోడిన్ వదులుతోందన్న మాట. చివర్లో చిటికెడు అమ్మోనియం థయోసయనేట్ వేస్తే ఈ పేచీ ఉండదు.

ఒక మి.లీ. 0.01 నార్మల్ హైపో 0.6355 మిల్లీగ్రాముల రాగికి సమానం. ఈస్ట్ లేని గొట్టానికి 6.3 మి.లీ. దగ్గర రావాలి. ఇది రాకపోతే ముందుకు పోవద్దు, హైపోను మళ్లీ స్టాండర్డైజ్ చేయండి.

ఇప్పుడు లెక్క. ఈస్ట్ గొట్టానికి 4.4 మి.లీ. వచ్చిందనుకుందాం. 4.4ను 0.6355తో గుణిస్తే 2.8 మిల్లీగ్రాములు, అది 20 మి.లీ.లో ఉన్నది. లీటరుకు 140. మొదట 200 ఉంది, 60 పోయింది. లీటరుకు 10 గ్రాముల ఈస్ట్ ఉంది కాబట్టి గ్రాము ఈస్ట్ 6 మిల్లీగ్రాముల రాగిని పట్టుకుంది.

ఇంకో తిరకాసు ఉంది. ఈస్ట్ నుంచి కారిన పదార్థాలు అయోడిన్‌ను మింగేస్తే రాగి తక్కువగా కనపడుతుంది, ఈస్ట్ ఎక్కువ గుంజుకున్నట్టు అనిపిస్తుంది. దీన్ని పట్టుకోవడానికి, రాగి లేని ఈస్ట్ గొట్టం పై నీళ్లు 16 మి.లీ. తీసుకుని 4 మి.లీ. స్టాక్ కలిపి టైట్రేట్ చేయండి. ఇక్కడా 6.3 వస్తే సరే. 5.8 వచ్చిందంటే మీ ఈస్ట్ కడగడం చాల్లేదు.

ఐదో అడుగు: గోడ మీదిది ఎంత, లోపలిది ఎంత

గొట్టం అడుగున మిగిలిన ఈస్ట్ ముద్దను పారేయకండి. చల్లటి డిస్టిల్డ్ నీళ్లతో ఒక్కసారి చకచకా కడిగి, 10 మి.లీ. 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో పావుగంట కలపండి. గోడ మీది రాగిని ఆమ్లం వదిలిస్తుంది, లోపలిది చాలావరకు అక్కడే ఉంటుంది. తిప్పి, పై ఆమ్లాన్ని తీసుకోండి. ఈ ఆమ్లంతో నేరుగా టైట్రేషన్ చేస్తే గాలికే అయోడిన్ పుట్టి లెక్క చెడుతుంది. అమ్మోనియా చుక్కలతో కాస్త మసక వచ్చే దాకా తెచ్చి, ఆపైన అసిటిక్ ఆమ్లం వేసి మామూలుగా చేయండి. ఈడీటీఏతో కడగమని కొన్నిచోట్ల రాస్తారు. అది రాగిని గట్టిగా పట్టుకుని అయోడైడ్‌కు అందనివ్వదు, ఈ పద్ధతిలో పనికిరాదు.

ఆమ్లంలో వచ్చింది, మొదట గుంజుకున్న దాంతో దాదాపు సమానమైతే రాగి అంతా గొంగడికి అంటుకున్న పల్లేరుకాయే.

ఇక్కడే మైక్రోస్కోప్ ముందు కూర్చోండి. ఆమ్లం తగలని గొట్టం నుంచి ఒక చుక్క ఈస్ట్, ఒక చుక్క మిథిలీన్ బ్లూ స్లైడ్ మీద కలపండి. బతికున్న కణం ఆ రంగును లోపల చెరిపేసి తెల్లగా ఉంటుంది, చచ్చింది నీలంగా మారుతుంది. 120 నిమిషాల గొట్టంలో మా పిల్లలు చూసిన ఒక దృశ్యం నాకు గుర్తుండిపోయింది. తల్లి కణం నీలం, దానికి అంటుకున్న చిన్న మొగ్గ ఇంకా తెల్లగా ఉంది. రెండింటి గోడలూ ఒకే రాగి నీళ్లలో ఉన్నాయి. గుంజుకున్న లెక్క టైట్రేషన్ చెబుతుంది, బతుకు సంగతి ఈ స్లైడే చెప్పాలి. కనీసం 200 కణాలు లెక్కపెట్టి ఎన్ని నీలమో రాసుకోండి.

ఆరో అడుగు: తట్టుకునే శక్తి, కల్లు ఈస్ట్‌తో పోటీ

ఎంత రాగి ఉన్నా ఈస్ట్ పెరుగుతుందో అగార్ ప్లేట్ల మీద చూస్తాం. ప్యాకెట్ ఈస్ట్ ఒకటే అయితే ఆ ప్లేట్లు బోరు కొడతాయి. మన దగ్గర తాటికల్లు, ఈతకల్లు ఉండగా కొరతేమిటి? పొద్దున్నే చెట్టు దించిన లొట్టి నుంచి నేరుగా కడిగిన సీసాలోకి పట్టించుకోండి. గీత కార్మికుడితో ముందురోజే మాట్లాడుకుంటే ఇస్తారు. దుకాణంలో అమ్మేది తేవద్దు. దాంట్లో నీళ్లూ, మందులూ ఏం కలిసి ఉంటాయో నమ్మకం లేదు. లొట్టికి లోపల సున్నం రాశారా అని కూడా అడగండి, రాస్తే పులియడం ఆగుతుంది, ఈస్ట్ తక్కువగా దొరుకుతుంది.

కల్లును స్టెరైల్ నీళ్లతో పదింతలు పదింతలుగా పలచన చేసి, వెయ్యో వంతు నుంచి లక్షో వంతు దాకా, బంగాళదుంప అగార్ మీద పరవండి. 200 గ్రాముల దుంపలు ఉడికించి వడకట్టిన నీళ్లు, 20 గ్రాముల గ్లూకోజ్, 18 గ్రాముల అగార్ కలిపి లీటరు చేయాలి. ఆటోక్లేవ్ లేకపోతే ప్రెషర్ కుక్కర్‌లో 20 నిమిషాలు. కల్లులో బ్యాక్టీరియా గుంపులు గుంపులుగా ఉంటుంది కాబట్టి లీటరుకు 100 మిల్లీగ్రాముల క్లోరాంఫెనికాల్ వేయండి. మేడారం జాతర బంగారం (ప్రసాదం బెల్లం) ఇంట్లో మిగిలిందని ఒకసారి గ్లూకోజ్‌కు బదులు బెల్లం వేశాం. ఈస్ట్ దిట్టంగా పెరిగింది, కానీ బెల్లంలోని పదార్థాలు రాగిని కట్టేసి, ప్లేట్ల మధ్య తేడా చెరిపేశాయి. పెంచడానికి బెల్లం సరే, పరీక్షకు వద్దు.

వచ్చిన కాలనీల్లో ఒక్కోదాన్ని మైక్రోస్కోప్‌లో చూడండి. మొగ్గ తొడిగేవి కావాలి. నడిమికి అడ్డంగా చీలేవి కనపడితే అవి వేరే జాతి, స్కైజోసాక్రోమైసెస్ కావొచ్చు. వాటి కథ వేరు, ఆ జాతి ముఖ్యంగా ఫైటోకీలాటిన్ అనే చిన్న పెప్టైడ్లతో లోహాన్ని కడుతుంది. విడిగా పెట్టుకోండి.

ఇక పరీక్ష. 2.5 గ్రాముల కాపర్ సల్ఫేట్ 100 మి.లీ. నీళ్లలో కరిగిస్తే 100 మిల్లీమోలార్ స్టాక్. దీన్ని విడిగా స్టెరైల్ చేయండి. కరిగిన అగార్ చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక, 92 మి.లీ.కు 1, 2, 4, 8 మి.లీ. కలపండి. తక్కువ స్టాక్ పడిన వాటికి స్టెరైల్ నీళ్లు కలిపి అన్నింటి కొలతా 100 మి.లీ. చేస్తే 1, 2, 4, 8 మిల్లీమోలార్ ప్లేట్లు వస్తాయి. రాగి లేని ప్లేటు తప్పనిసరి.

ప్యాకెట్ ఈస్ట్‌నూ, కల్లు ఈస్ట్‌నూ ఒకే మసక వచ్చేలా నీళ్లలో కలిపి, పదో వంతు, వందో వంతు, వెయ్యో వంతు చేసి, ప్రతి ప్లేటు మీద వరసగా 5 మైక్రోలీటర్ల చుక్కలు పెట్టండి. చుక్క ఇంకేదాకా ప్లేటు కదల్చవద్దు. 30 డిగ్రీల దగ్గర మూడు నాలుగు రోజులు. మే నెలలో మన గదులు 40 దాటుతాయి, అప్పుడు ఈస్ట్ ఆగిపోయింది రాగికా, ఎండకా అన్నది తేలదు. ఈ పని దసరా తర్వాత పెట్టుకోండి.

ఏ ప్లేటు దాకా, ఎన్నో పలచన దాకా పెరిగిందో రాసుకోండి. రెండు రోజులు నిండకముందే రాయవద్దు, రాగి ప్లేట్ల మీద ఈస్ట్ ఆలస్యంగా లేస్తుంది. ఏస్1 లేచి, కప్1 పని మొదలై, సరిపడా మెటల్లోథయోనీన్ తయారయ్యాకే విభజన సాగుతుంది. ఎక్కువ రాగి ఉన్న ప్లేట్లలో కొన్ని కాలనీలు మీగడ రంగు వదిలి గోధుమ రంగుకు తిరుగుతాయి. మా పిల్లలు కల్తీ అయిందని పారేయబోయారు. అది కల్తీ కాదు. కణం వదిలిన సల్ఫైడ్‌తో రాగి కలిసి గోడ దగ్గర కాపర్ సల్ఫైడ్‌గా దిగడం వల్ల వచ్చే రంగు. విషాన్ని రాయిగా మార్చి వాకిట్లో పడేసే ఎత్తు అది.

కల్లు ఈస్ట్‌తో కూడా మూడు నుంచి ఐదు అడుగులు చేసి, ప్లేట్ల ఫలితాన్ని ఆ అంకెలతో పక్కపక్కన పెట్టండి. ఎక్కువ గుంజుకున్న రకమే ఎక్కువ పెరిగిందా? కాకపోతే అదే మీ ప్రాజెక్టులో అసలు మాట. టైటిల్‌కు సరిపోలేదని దాన్ని సర్దకండి.

వైవాలో తప్పకుండా అడిగేవి

దీంతో తాగునీళ్లు శుభ్రం చేయొచ్చా అని అడుగుతారు. మన లెక్కలో చివరికి లీటరుకు 140 మిల్లీగ్రాముల రాగి మిగిలింది. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో రాగి లీటరుకు 0.05 మిల్లీగ్రాములు మించకూడదు, వేరే నీళ్లు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. ఈ ఒక్క అంకె చెబితే చాలు. అయితే చాలా తక్కువ మోతాదులో ఉన్న సీసాన్ని పట్టుకోవడంలో చచ్చిన ఈస్ట్‌కు మంచి పేరే ఉంది. అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 2022లో అది చూపించారు, తర్వాత ఈస్ట్‌ను జెల్ గోళీల్లో బంధించి నీళ్లు పారించే పద్ధతీ చేశారు. వాళ్లు ఎంచుకున్నది గోడ పనే, కణం బతుకు కాదు.

ఫ్లోరైడ్ కూడా తీసేస్తుందా అన్నది మన జిల్లాల్లో ఎవరో ఒకరు అడిగే ప్రశ్న. తీయదు. ఫ్లోరైడ్ లోహం కాదు, పైగా దానిది ఋణావేశం, ఈస్ట్ గోడదీ అదే. దానికి పటిక, సున్నం కలిపే నల్లగొండ పద్ధతి లాంటివి ఉన్నాయి.

మిగిలిన రాగి

సింక్‌లో పోయవద్దు. అన్ని గొట్టాల నీళ్లూ, ఆమ్లమూ ఒక ప్లాస్టిక్ బకెట్‌లో పోసి, పీహెచ్ పేపర్ 9 చూపే దాకా సున్నపు తేట కలపండి. నీలి మడ్డి కడుతుంది. అమ్మోనియా ఎక్కువ పడిన నీళ్లు మాత్రం ఇందులో కలపకండి, ముదురు నీలంగా కరిగిపోయి అడుగుకు దిగదు. రాత్రంతా వదిలేసి, పై తేటను వేరుచేసి, అందులో చుక్క అయోడైడ్ పరీక్ష చేయండి. గోధుమ రంగు రాకపోతేనే వదలాలి. మడ్డిని ఆరబెట్టి మూత ఉన్న సీసాలో వేసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్లే వాళ్లకు ఇచ్చే దాకా తాళం వేసి ఉంచాలి. వాడిన ఈస్ట్‌ను కోళ్లకో, మొక్కలకో వేయకండి. ప్లేట్లను కుక్కర్‌లో మరోసారి ఉడికించి, రాగి ఉన్న అగార్‌ను అదే వ్యర్థంలో కలపండి.

సీసా మీద తేదీ, బ్యాచ్ రాయండి. మా బీరువాలో మొదటి బ్యాచ్ సీసా ఇంకా ఉంది. ఆ ఫాస్ఫేట్ మడ్డే అందులో ఉన్నది. లేబుల్ మీద ఆ ముగ్గురిలో ఒకమ్మాయి స్కెచ్ పెన్నుతో రాసింది: "ఈస్ట్ గుంజుకోని రాగి."